గుడ్ వైఫ్ మొత్తం చూసేసినాం. అలీసియా మన జిల్లా కోర్టులో అయితే నిలబడేదేనా?

కొండారెడ్డి_బురుజు
నమస్తే అందరికీ. ఈ ఎండలకు మన కర్నూల్లో సాయంత్రం ఆరు దాటితే గానీ బయట కాలు పెట్టేటట్టు లేదు, ఆ పుణ్యమా అని నేనూ మా ఆవిడా కూర్చుని 'ది గుడ్ వైఫ్' ఏడు సీజన్లూ, 156 ఎపిసోడ్లూ ముగించినాం. కొత్తదేం కాదు, అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో 2009 సెప్టెంబరులో మొదలై 2016 మేలో అయిపోయింది. కాజోల్ హిందీలో చేసిన 'ది ట్రయల్' ముందు చూసి, అసలుది ఎట్లుందో చూద్దామని దిగినాం, దిగినాక బయటికి రాలేదు.

చూడని వాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. చికాగోలో పీటర్ ఫ్లోరిక్ అని పెద్ద ప్రాసిక్యూటర్, వాళ్లు స్టేట్స్ అటార్నీ అంటారు. డబ్బులిచ్చి ఆడవాళ్ల దగ్గరికి పోయినాడని, పదవిని అడ్డం పెట్టుకుని తిన్నాడని గొడవ బయటపడి జైలుకు పోతాడు. ప్రెస్ మీట్‌లో వాడి పక్కన బిగుసుకుపోయి నిలబడిన భార్య అలీసియా. ఇద్దరు పిల్లలు, ఇల్లు అమ్ముకుని చిన్న అపార్ట్‌మెంటు, మధ్యలో అత్తగారి పెత్తనం. 13 ఏళ్ల కిందట వదిలేసిన లాయరు పనిని ఒక లాయర్ల కంపెనీలో అడుగు నుంచి మొదలుపెడుతుంది. క్యారీ అని కుర్రోడితో పోటీ, కొన్ని నెలల తర్వాత ఇద్దర్లో ఒకరినే ఉంచుకుంటామంటుంది ఆ కంపెనీ.

నా డౌటు ఏందంటే, 13 ఏళ్లు గ్యాప్ ఉన్న మనిషి మొదటి ఎపిసోడ్‌లోనే హత్య కేసు పట్టుకుని గెలిచేస్తుంది. మన జిల్లా కోర్టులో ఇట్లాంటిది జరిగే పనేనా? లాయర్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. మా ఆవిడ జరగదు అంటోంది, నేను ఎందుకు జరగదు అంటున్నా, భోజనాల దగ్గర మూడు రోజులుగా ఇదే పంచాయితీ.

ఏడురోడ్లు
అన్నా, ఆ ఉద్యోగం ఆమెకు ఎట్లా వచ్చిందో చూసినావా? కాలేజీలో క్లాస్‌మేట్ విల్ గార్డనర్ ఆ కంపెనీలో పార్ట్‌నర్. రికమండేషన్ కేసు. మోసపోయిన ఆడది, పాపం, సొంత కాళ్ల మీద నిలబడింది అని అందరూ చప్పట్లు కొడుతున్నారు గానీ, విల్ లేకపోతే ఆమె దరఖాస్తును గుమాస్తా కూడా చదవడు.

కారందోసె
ఏడురోడ్లు అన్నా, మన కడపలో లాయరు కొడుకు లాయరైతే వారసత్వం, ఆడది తెలిసినవాణ్ణి అడిగి చేరితే రికమండేషన్. బాగుంది.

ఇంకోటి, ఆమె చాలా చోట్ల తిరిగినాకే విల్ దగ్గరికి పోయింది. ఎవరూ ఇవ్వలేదు. అది కూడా సిరీస్‌లోనే ఉంది, చూసినావా లేక క్లిప్పులు చూసి మాట్లాడుతున్నావా?

ఏడురోడ్లు
నాలుగు సీజన్లు చూసినా తల్లీ. విల్ పోయే సీజన్ దాకా పోలేదు, ముందే ఎవరో చెప్పేసినారు.

నల్లకోటు_అక్క
నేను కర్నూల్లోనే ప్రాక్టీసు చేస్తున్నాను, ఎక్కువగా కుటుంబ కేసులు. ఈ సిరీస్ నాకూ ఇష్టమే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

హత్య కేసు సంగతి పక్కన పెట్టండి. మన దగ్గర పదమూడేళ్ల తర్వాత వచ్చిన మనిషికి మొదటి రోజు దొరికే పని ఏమిటంటే, ఉదయం వరసగా కేసులు పిలిచే కాల్ వర్క్‌లో సీనియర్ గారి కేసు పిలిచినప్పుడు లేచి నిలబడి "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇప్పించండి" అనడం, అంటే కాసేపాగి పిలవమని అడగడం. అది కూడా గట్టిగా, జడ్జిగారికి వినబడేలా. నవ్వకండి, గ్యాప్ తర్వాత మొదటిసారి ఆ ఒక్క ముక్క అనడానికే నోరు పెగలదు. చుట్టూ ఉన్నవాళ్లంతా మనకంటే పదిహేనేళ్లు చిన్న, వాళ్లకు బెంచి క్లర్కు దగ్గర్నుంచి అటెండర్ దాకా అందరూ తెలుసు, మనకు ఏ కోర్టు హాలు ఎక్కడికి మారిందో కూడా తెలియదు. అలీసియా మొదటి రోజు కంపెనీలో మీటింగ్ ఏ గదిలోనో తెలియక తడబడుతుంది చూడండి, మొత్తం సిరీస్‌లో నాకు నిజమనిపించింది అదే.

చట్టం మర్చిపోవడం పెద్ద సమస్య కాదు. పుస్తకాలున్నాయి, ఇప్పుడు ఫోన్లోనే తీర్పులన్నీ ఉన్నాయి. కేసు ఎవరిస్తారన్నదే సమస్య. మన జిల్లాల్లో కక్షిదారుడు బోర్డు చూసి రాడు. ఊరి పెద్ద చెబితే వస్తాడు, పాత కక్షిదారుడు వెంటబెట్టుకొస్తే వస్తాడు, లేదంటే గుమాస్తా ద్వారా వస్తాడు. ఈ మూడు దారులూ ఏళ్ల తరబడి కోర్టు ఆవరణలో కనబడుతూ ఉంటేనే తెరుచుకుంటాయి. పదమూడేళ్లు కనబడని మనిషికి అవన్నీ మూసుకుపోయి ఉంటాయి. అలీసియాకు జీతం వచ్చింది, నెల తిరిగేసరికి చెక్కు. ఆ పద్ధతి మన దగ్గర హైదరాబాద్, బెంగళూరు పెద్ద ఆఫీసుల్లో ఉందేమో గానీ జిల్లా కోర్టులో జూనియర్‌కు సీనియర్ ఎంతిస్తే అంత, చాలాచోట్ల పెట్రోలు ఖర్చు. ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో జూనియర్లకు నెలకు 5000 మొదలుపెట్టింది, అది కొత్తగా నమోదైన వాళ్లకు. నలభై ఏళ్ల వయసులో వెనక్కి వచ్చిన ఆడమనిషి ఏ లెక్కలోకీ రాదు. నమోదు తేదీ ప్రకారం ఆమె సీనియర్, పని ప్రకారం జూనియర్.

కొండారెడ్డి_బురుజు
మేడం, బ్రహ్మాండంగా చెప్పినారు. మా ఆవిడకు చదివి వినిపించినా, "నేను ముందే చెప్పలేదా" అని ఒకటే మాట. ఇంకో డౌటు, అన్నేళ్లు మానేస్తే లైసెన్సు ఉంటుందా? డ్రైవింగ్ లైసెన్సులాగా రెన్యూవల్ ఏమన్నా ఉంటుందా?

నల్లకోటు_అక్క
ఇంట్లో కూర్చున్నంత మాత్రాన నమోదు రద్దు కాదు. 1961 అడ్వొకేట్స్ యాక్ట్ ప్రకారం బార్ కౌన్సిల్ రోల్‌లో, అంటే లాయర్ల జాబితాలో, పేరు ఎక్కితే అది అట్లాగే ఉంటుంది. రెండు సంగతులు చూసుకోవాలి. మధ్యలో ఎక్కడైనా పూర్తికాలపు జీతం ఉద్యోగం చేసి ఉంటే, బార్ కౌన్సిల్‌కు చెప్పి ప్రాక్టీసు ఆపి ఉండాలి, లాయరుగా ఉంటూ నెల జీతగాడిగా ఉండకూడదని నియమం. రెండోది ఆలిండియా బార్ ఎగ్జామ్, అది 2009-10 విద్యా సంవత్సరం నుంచి లా పాసైన వాళ్లకే, అంతకుముందు వాళ్లకు అక్కర్లేదు. ఇవి కాక ప్రాక్టీసు సర్టిఫికెట్ వెరిఫికేషన్ అని బార్ కౌన్సిల్ అడుగుతుంటుంది, అది చేయించుకుంటే సరి.

కొత్తగా నమోదయ్యే పిల్లలు ఎవరన్నా చదువుతుంటే, 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించకూడదని, ఎస్సీ ఎస్టీలకైతే 125. అంతకుముందు రాష్ట్రాన్ని బట్టి వేలకు వేలు గుంజేవాళ్లు.

గ్యాప్ తీసుకున్న వాళ్లకు ఒక మంచి కూడా జరిగింది. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ చట్టాలు మారినాయి, ఐపీసీ పోయి బీఎన్ఎస్ వచ్చింది, సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది, ఎవిడెన్స్ యాక్ట్ పోయి బీఎస్ఏ వచ్చింది. హత్యకు ముప్పై ఏళ్లు సెక్షన్ 302 అన్న నోటితో 103 అనాలి, 420 ఏమో 318 అయింది, భరణం కేసు 125 ఇప్పుడు 144. ఆ ఏడు మా బార్ అసోసియేషన్‌లో పెద్ద పెద్ద సీనియర్లు పాకెట్ పుస్తకం చేతిలో పెట్టుకుని సెక్షన్లు వెతుక్కుంటుంటే చూడాలి. వాళ్లూ కొత్తవాళ్లే, వీళ్లూ కొత్తవాళ్లే.

కారందోసె
అక్కా, 420 పోతే మరి మన జనం తిట్టుకోవడానికి ఏం మిగిలింది. "వాడొట్టి 318" అంటే ఎవడికి తగులుతుంది.

మాజీ_శిరస్తదార్
నేను అనంతపురం జిల్లా కోర్టుల్లో పనిచేసి రిటైరయినాను. మనవరాలు పెట్టిస్తే ఈ సిరీస్ కొంత చూశాను. మా వాళ్లకు ఇది చూసి కోర్టంటే ఇట్లా ఉంటుందేమో అని భ్రమ కలగకూడదని రాస్తున్నాను.

మొదటిది, అక్కడ ప్రాసిక్యూటర్ పదవికి ఎన్నిక జరుగుతుంది. పీటర్ ఓట్లు అడిగి గెలిచినవాడు, జైలు నుంచి వచ్చి మళ్లీ ఓట్లు అడిగి గెలుస్తాడు, ఆ తర్వాత ఇల్లినాయ్ గవర్నర్ కూడా అవుతాడు. అందుకే భార్య పక్కన నిలబడిందా లేదా అన్నది కథకు ప్రాణం. మన పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది, ఆయన భార్య ఎక్కడ నిలబడిందో ఎవరికీ పట్టదు. హిందీలో ఆ మొగుణ్ణి జడ్జిని చేసినారని విన్నాను, ఎందుకు చేసినారో దీన్నిబట్టే తెలుస్తుంది.

రెండోది జూరీ. అక్కడ పన్నెండు మంది మామూలు జనాన్ని ఒప్పిస్తే చాలు. మనకు ఆ పద్ధతి లేదు. 1959లో బొంబాయి నానావతి హత్య కేసులో జూరీ 8-1తో నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపినాడు, అక్కడ శిక్ష పడింది. ఆ కేసుతోనే జూరీ పోయిందని అందరూ అంటారు గానీ, దానికి ముందే లా కమిషన్ ఎత్తేయమని చెప్పింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది లేనే లేదు. కాబట్టి మైకేల్ జె. ఫాక్స్ వేసిన లూయిస్ కానింగ్ లాయరు తన జబ్బును చూపించి జూరీ జాలి సంపాదించే ఎత్తుగడ మన జడ్జిగారి ముందు పనిచేయదు. ఆయన తలెత్తి చూస్తే కదా.

మూడోది, ఇది అన్నిటికంటే పెద్ద అబద్ధం, వాయిదా. నలభై నిమిషాల్లో కేసు పెట్టి, సాక్షుల్ని విచారించి, తీర్పు. మా దగ్గర సమన్లు అందలేదని తిరిగొచ్చేసరికే రెండు వాయిదాలు అయిపోతాయి.

జడ్జీలను చూపించిన తీరు మాత్రం గొప్పగా ఉంది. ఒక జడ్జమ్మ ఉంటుంది, ఏ మాట చెప్పినా చివర "నా అభిప్రాయంలో" అని చేర్చాల్సిందే, లాయర్లు మర్చిపోయి మళ్లీ చేర్చుకుంటుంటారు. ఇట్లాంటి పట్టింపులున్న దొరల దగ్గర నేను పనిచేశాను. ఒకాయన దగ్గర ఫైలుకు దారం ఎడమవైపు ముడి పడాలి, కుడివైపు పడితే ఆ పూట అందరికీ గ్రహచారమే. లాయర్లు చట్టం కంటే ముందు జడ్జిగారిని చదువుతారన్నది ఆ సిరీస్ రాసిన మొగుడూ పెళ్లాలకు, రాబర్ట్ కింగ్, మిషెల్ కింగ్, బాగా తెలుసు.

ఏడురోడ్లు
పెద్దాయనా సూపర్. ఆ హైకోర్టు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, కర్నూలు బెంచి యాడిదాకా వచ్చింది? 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నుంచి వింటున్నాం. 1953లో కర్నూలును రాజధాని చేసి హైకోర్టు గుంటూరుకు ఇచ్చినారు, 56లో రెండూ హైదరాబాదుకు పోయినాయి, 2019లో హైకోర్టు అమరావతికి వచ్చింది, 2024 నవంబరులో బెంచి అని అసెంబ్లీలో తీర్మానం చేసినారు. మా మామ భూమి కేసుకు రాత్రి బస్సెక్కి అమరావతి పోయి, వాయిదా పడిందంటే మళ్లీ రాత్రి బస్సెక్కి రావడం. అలీసియా చికాగోలో లిఫ్టు దిగి రోడ్డు దాటితే కోర్టు.

నిర్వాహకుడు
హైకోర్టు బెంచి మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి పోండి. ఇక్కడ పార్టీల పేర్లు వస్తే తాళం వేస్తాను. అలాగే ఇది ఎప్పుడో అయిపోయిన సిరీస్, స్పాయిలర్లు రాయొచ్చు.

కారందోసె
స్పాయిలర్లు రాయొచ్చు అన్నారు కాబట్టి ది ట్రయల్ మీద నా కడుపుమంట కొంచెం తీర్చుకుంటా. కాజోల్‌ది తప్పు లేదు, ఆమె నొయొనికా సేన్‌గుప్తాగా బాగానే చేసింది. అసలుదాంట్లో ఒక సీజన్‌కు 22, 23 ఎపిసోడ్లు, వారానికొక కేసు. ఆ చిన్న కేసుల్లో అలీసియా కొంచెం కొంచెంగా మారుతుంది, ముందు అబద్ధం చెప్పడానికి భయపడుతుంది, తర్వాత నిజాన్ని కొంచెం దాచడం నేర్చుకుంటుంది, ఆ తర్వాత సాక్షిని నవ్వుతూ ముంచేస్తుంది. మనకు తెలియకుండానే ఆమెతో పాటు మనమూ సర్దుకుంటూ పోతాం. హిందీలో మొదటి సీజన్ ఎనిమిదే ఎపిసోడ్లు. ఎనిమిదింట్లో ఏం మారుతుంది, చీర రంగు తప్ప. ఏడ్వడం, గెలవడం, స్లో మోషన్‌లో నడవడం. కొరియా వాళ్లు 2016లో చేసినారు, జపాన్ వాళ్లు 2019లో చేసినారు, మన వాళ్లకే తొందర.

ఇంకో చిన్న ముచ్చట, ఎవరన్నా గమనించినారా, ఎపిసోడ్ పేర్లలో మొదటి సీజన్‌లో ఒకే పదం, రెండో సీజన్‌లో రెండు, నాలుగు దాకా పెరిగి, మళ్లీ మూడు, రెండు, ఒకటి. పనీపాటా లేక నేను లెక్కపెట్టినా.

మాధవి_అనంత
ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. నేను అనంతపురంలో లా చదివి 2007లో నమోదు చేసుకున్నా. పెళ్లికి ముందు ఒక మేడం గారి దగ్గర కొన్నాళ్లు జూనియర్‌గా పోయినా. తర్వాత పెళ్లి, బాబు, పాప, ఆయన ట్రాన్స్‌ఫర్లు. కోటు బీరువాలో ఉంది. ఇంట్లో ట్యూషన్లు చెబుతా, నల్లకోటు అక్క చెప్పినట్టు నెల జీతం ఉద్యోగం ఎక్కడా చేయలేదు.

ఈ సిరీస్ గురించి అందరూ మోసం, పగ, ప్రేమ అని మాట్లాడతారు. నాకు పట్టుకున్న విషయం వేరే. పీటర్ జైలుకు పోకపోతే అలీసియా ఆ కోర్టు మొహం చూసేది కాదు. పెద్ద ఇంట్లో, మంచి పేరుతో, పిల్లల్ని స్కూలుకు దింపుకుంటూ ఉండిపోయేది, ఆమెలో అంత లాయరు ఉందని ఆమెకు కూడా తెలిసేది కాదు. అంటే ఆమెకు పనిచేసే అనుమతి ఇచ్చింది మొగుడు చేసిన తప్పు.

మా ఆయన చాలా మంచివారు. అదే నా తిప్పలు, నవ్వుకుంటే నవ్వుకోండి. నేను మళ్లీ కోర్టుకు పోతానంటే మా అత్తగారు, మా అమ్మ, చివరికి పక్కింటి పిన్ని కూడా ఒకే మాట అంటారు, "ఇప్పుడు నీకేం తక్కువైందని?" తక్కువైతేనే పోవాలి. మొగుడు తాగుబోతో, చచ్చిపోయినాడో, వదిలేసినాడో అయితే "పాపం, పిల్లల కోసం కష్టపడుతోంది" అని దారి వదులుతారు. అన్నీ ఉన్న ఆడది నాకు ఆ పని ఇష్టం, నేను బాగా చేస్తాను అంటే అది తిక్క. మా వదిన ఒకసారి మొహం మీదే అడిగింది, మీ ఇద్దరి మధ్యా ఏమన్నా గొడవా అని. కోర్టుకు పోతాననే మాటకు వాళ్లకు అర్థమయ్యే కారణం అదొక్కటే.

అందుకే మొదటి సీజన్ చూస్తున్నంతసేపూ నాకు అలీసియా మీద జాలి కలగలేదు, కొంచెం కుళ్లు కలిగింది. ఇట్లా రాయడం బాగుందో లేదో తెలియదు.

కారందోసె
మాధవి అక్కా, బాగుంది. చాలా బాగుంది. ఇంకా రాయండి.

ఏడురోడ్లు
మాధవక్కా, నువ్వు చెప్పింది నిజమే గానీ ఒక పక్కే చెప్పినావు. కష్టమొచ్చిన ఆడదానికి దారి ఇస్తారు అంటున్నావు, యాడిస్తారు? మా చిన్నమ్మ కూతురు మొగుడు వదిలేసినాక ప్రైవేటు ఆఫీసులో చేరింది. మొదటి నెల అందరూ పాపం అన్నారు, రెండో నెల నుంచి రాత్రి ఏడింటికి ఇంటికొస్తే లెక్కలు అడిగినారు. అలీసియాకు కూడా అంతే కదా, ఆఫీసులో ప్రతివాడూ టీవీల్లో వచ్చిన పీటర్ వీడియో సంగతి తెలిసి ఆమెను అదోరకంగా చూస్తాడు. దారి ఇచ్చింది మొగుడి తప్పు కాదు, మొగుడి పేరు. ఫ్లోరిక్ అన్న పేరు చూసి కేసులు వస్తాయి, జడ్జీలు గుర్తుపడతారు. పేరు లేని మొగుడు తప్పుచేస్తే భార్యకు మిగిలేది భరణం కేసే.

నల్లకోటు_అక్క
మీ ఇద్దరి మాటా నా ఆఫీసులో రోజూ కనబడుతుంది కాబట్టి చెబుతాను. భరణం కేసుకు వచ్చే ఆడవాళ్లలో డిగ్రీలు, బీఈడీలు చదివిన వాళ్లు చాలామంది. పెళ్లయ్యాక ఎందుకు మానేశారంటే దాదాపు ఒకే జవాబు, అవసరం రాలేదు. అవసరం వచ్చేసరికి వయసు దాటిపోతుంది, పైగా అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట అడిగేదే "మీరు చదువుకున్నారు కదా, సంపాదించుకోగలరు కదా" అని. పనిచేయనివ్వని ఇల్లే, కోర్టుకొచ్చాక పనిచేయలేదేమని అడుగుతుంది. ఈ ప్రశ్న అడిగిన మగ లాయర్ల ఇళ్లలో లా చదివి ఇంట్లో ఉన్న భార్యలు నాకు తెలుసు.

జాలి గురించి ఏడురోడ్లు అన్నది నిజం, అది నెల కంటే ఎక్కువ నిలవదు. మాధవి అన్న అనుమతి మాటను మాత్రం నేను కొట్టిపారేయలేను. మా బార్‌లో మధ్యలో మానేసి తిరిగొచ్చిన ఆడవాళ్లు కొద్దిమంది ఉన్నారు, దాదాపు అందరి వెనకా ఒక చావో, ఒక విడాకులో ఉంది. ఏ గొడవా లేకుండా ఇష్టంతో వచ్చిన మనిషిని గుర్తు చేసుకుందామని ఇందాక కూర్చున్నాను. పేరు తట్టలేదు.

కొండారెడ్డి_బురుజు
ఇది చదివి మా ఆవిడ ఫోను లాక్కుని రాస్తోంది, కింద ఉన్నది ఆమె మాటలే.

నేను బీకాం. నాకు అలీసియా మొదటి ఎపిసోడ్‌లో పీటర్‌ను కారిడార్‌లో చెంప మీద కొట్టడం నచ్చింది, అంతకంటే నచ్చింది దానికి ముందు సీను. ప్రెస్ మీట్‌లో ఆయన క్షమాపణలు చదువుతుంటే ఆమె చూపు ఆయన కోటు మీద ఉన్న దారప్పోగు మీదే ఉంటుంది, తీసేద్దామని చెయ్యి పోతుంది. పరువు పోతున్నా భార్య చెయ్యి బట్ట సర్దడానికే పోతుంది. చివరి ఎపిసోడ్‌లో ఆ కంపెనీ పార్ట్‌నర్ డయాన్ వచ్చి అలీసియానే చెంప మీద కొడుతుంది, పీటర్‌ను కాపాడటానికి డయాన్ భర్త వ్యవహారాన్ని కోర్టులో బయటపెట్టించింది కాబట్టి. ఏడేళ్లు చూసి చివరికి ఇట్లా ముగించినారేంది అని ఈయనకు కోపం. నాకైతే సరిగ్గా సరిపోయింది. తనకు జరిగిన అవమానాన్ని తనే తీసుకెళ్లి ఇంకో ఆడదానికి అంటించింది, అదీ ఆ మొగుడి కోసమే. పని నేర్చుకుంది, గెలవడం నేర్చుకుంది, పీటర్ లాగానే తయారైంది.

ఏడురోడ్లు
వదినా నమస్కారం. అన్నకంటే మీరే బాగా రాస్తున్నారు, ఇకమీదట ఐడీ మీకే ఇప్పించండి.

కారందోసె
వదిన చెప్పిందానికి ఒక సీను చేరుస్తా, అయిదో సీజన్‌లో అలీసియా, క్యారీ కలిసి పాత కంపెనీ క్లయింట్లను రహస్యంగా లాగి కొత్త కంపెనీ పెట్టడం. విల్‌కు తెలిసిన రోజు, ఆమె ఆఫీసు గదికొచ్చి బల్ల మీద సామానంతా ఊడ్చేస్తాడు. ఉద్యోగం ఇచ్చినవాడికి వెన్నుపోటు. అక్కడ కూడా నేను ఆమె వైపే ఉన్నా, తర్వాత ఆలోచిస్తే ఎందుకున్నానో తెలియలేదు.

విల్‌ను చంపడం మాత్రం క్షమించను. 2014 మార్చి, కోర్టు హాల్లో సొంత క్లయింటే గార్డు తుపాకీ లాక్కుని కాల్చేస్తాడు. ఆ నటుడు జాష్ చార్లెస్ ముందే వెళ్లిపోతానంటే, జూలియానా మార్గులిస్ ఒప్పించి ఇంకో పదిహేను ఎపిసోడ్లు ఉంచిందట. వెళ్లేవాణ్ణి వేరే ఊరికి పంపొచ్చు కదా.

మాజీ_శిరస్తదార్
అమ్మా, వేరే ఊరికి పంపితే ఆమె ఫోన్ చేస్తుంది. కథ నడవదు.

ఏడురోడ్లు
కలిందా గురించి ఎవరూ మాట్లాడరేం? కలిందా శర్మ, ఇన్వెస్టిగేటరు, ఆర్చీ పంజాబీ. 2010లో ఎమ్మీ వచ్చింది ఆమెకు. ఆ బూట్లు, ఆ నోట్‌బుక్, అడిగిన దానికి జవాబు చెప్పకుండా వెళ్లిపోవడం. మొగుడి కంటే ఈమె చేసిన మోసమే అలీసియాకు ఎక్కువ తగిలింది, ఒకప్పుడు పీటర్‌తో గడిపిందని తెలిసినప్పుడు. మొగుణ్ణి ఇంట్లోకి రానిచ్చింది గానీ స్నేహితురాలిని రానివ్వలేదు చాలాకాలం.

కారందోసె
ఇదిగో, ఈ ఒక్క విషయంలో నీతో ఒప్పుకుంటున్నా అన్నా. డేట్ రాసిపెట్టుకో.

మాధవి_అనంత
అందరికీ థాంక్స్. మా ఆయనకు ఈ చర్చ చూపించినా. మొత్తం చదివి, "అయితే నేను ఏదో ఒక తప్పు చేయాలా ఇప్పుడు" అన్నారు. నవ్వు ఆగలేదు. తర్వాత సీరియస్‌గానే అడిగారు, ఏం చేద్దామనుకుంటున్నావని. నల్లకోటు అక్కా, నిజంగా అడుగుతున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి? పాత మేడం గారు ఇప్పుడు ప్రాక్టీసు చేయడం లేదు.

నల్లకోటు_అక్క
మాధవీ, 2007 అన్నావు కాబట్టి బార్ ఎగ్జామ్ బెడద లేదు. ముందు బార్ కౌన్సిల్‌లో నీ రోల్ నంబరు, వెరిఫికేషన్ ఏ స్థితిలో ఉందో కనుక్కో. మీ బార్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకో, అక్కడ పేరు లేకపోతే లేడీస్ హాల్లో కుర్చీ కూడా దొరకదు.

పెద్ద పేరున్న సీనియర్ దగ్గరికి పోవద్దు. అక్కడ జూనియర్లు పదిమంది ఉంటారు, నీకు ఫైళ్లు మోయడమే మిగులుతుంది. కేసులు బాగా ఉండి జూనియర్ లేని నడివయసు లాయరును వెతుకు, సివిల్ అయితే మరీ మంచిది, ప్లెయింటు (దావా), రిటన్ స్టేట్‌మెంట్ (దానికి జవాబు) రాయడం చేతికి వస్తుంది. మొదటి ఆర్నెల్లు డబ్బు మాట ఎత్తకు, ఆర్నెల్ల తర్వాత మాత్రం తప్పకుండా ఎత్తు, మన ఆడవాళ్లు అదే అడగరు. ఈ-కోర్ట్స్ యాప్ వేసుకో, నువ్వు మానేసినప్పుడు వాయిదా తేదీకి గుమాస్తా డైరీయే దిక్కు, ఇప్పుడు ఫోన్లో కేసు నంబరు కొడితే వస్తుంది. ఈ-ఫైలింగ్ నేర్చుకో. మా తరం సీనియర్లు చాలామంది దానికి జూనియర్ల మీదే ఆధారపడతారు, ట్యూషన్లు చెప్పే నీకు అది పెద్ద పని కాదు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్యానెల్ లాయర్లను తీసుకుంటారు, మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు, నీ పాత కాలం ఎంత లెక్కకొస్తుందో అక్కడే అడుగు. ప్యానెల్‌లోకి రాకపోయినా లోక్ అదాలత్ రోజున వెళ్లి కూర్చో. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది, కాబట్టి అక్కడికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. మగ లాయరుకు చెప్పుకోలేని మాటలు వాళ్లకు చాలా ఉంటాయి, నీకు మొదటి కేసు అక్కడి నుంచే రావచ్చు.

వేసవిలో మొదలుపెడితే ఒక సుఖం, జిల్లా కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదు. తెల్లబట్టలు, మెడకు తెల్ల బ్యాండు చాలు. బీరువాలో కోటు ఇప్పుడు పడుతుందో లేదో తర్వాత చూసుకుందువు గానీ.

మాధవి_అనంత
పట్టదు అక్కా, నాకు తెలుసు.

కొండారెడ్డి_బురుజు
మాధవి గారూ ఆల్ ది బెస్ట్. మేమిద్దరం ఇప్పుడు ఖాళీ, తర్వాత ఏం చూడాలో చెప్పండి. డయాన్‌ను పెట్టి 2017లో 'ది గుడ్ ఫైట్' తీసినారంట కదా, ఆరు సీజన్లు. ఎల్స్‌బెత్ లాయరమ్మ మీద 2024లో ఇంకోటి మొదలైందంట. మా ఆవిడ డయాన్ అంటోంది, నేను ఎల్స్‌బెత్ అంటున్నా.

ఏడురోడ్లు
అన్నా, వదిన చెప్పింది పెట్టు. ఇంట్లో జడ్జి ఎవరో ఇంకా తెలియలేదా నీకు.

మాజీ_శిరస్తదార్
నా అభిప్రాయంలో.